గిద్దలూరులో ఆగిన చేయి

మార్కాపురంలో మాకు చెల్లో నేర్పినావిడను పిల్లలమంతా అక్కా అనే పిలిచేవాళ్లం. కుర్చీలో కూర్చుని, మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని వాయించే ఆ పెద్ద వయొలిన్‌తో ఆమె చెన్నైలో ఏళ్ల తరబడి కచేరీలు చేసి వచ్చింది. ఎవరైనా భయపడితే, "నాకూ భయమే, చూడు," అని తన మణికట్టు పట్టుకోమనేది. నాడి నిజంగానే దడదడ కొట్టుకునేది.

నా పదో ఏట, గిద్దలూరు కల్యాణమండపంలో కచేరీకి తనతోపాటు వాయించడానికి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. పాట మధ్యలో ఆమె స్వరం తప్పింది. తల తిప్పి చూస్తే, ఎడమచేతి వేళ్లు తీగల మీద నుంచి జారిపోతున్నాయి. మళ్లీ నొక్కబోయింది. అవి మాట వినలేదు. ఆమె మొహం పాలిపోయింది. తీగల మీద నా కమాను ఆగింది.

"ఏందక్కా?" అన్నాను.

"ఆపొద్దు. నువ్వు వాయించు, నేను శ్రుతి ఇస్తా."

వేళ్లతో నొక్కాల్సిన పని లేకుండా, లావు తీగ మీద కుడిచేత్తో కమాను లాగుతూ ఒక్క స్వరాన్నే నిలబెట్టింది. నేను ఏడుస్తూనే పాట పూర్తిచేశాను. చప్పట్లు ఇంకా మోగుతుండగానే, కచేరీకి వచ్చిన మా నాయన ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయాడు.

ఆ చేయి మళ్లీ తీగ నొక్కలేదు. కచేరీలు అక్కడితో అయిపోయాయి. కొన్నాళ్లకు పాఠానికి రమ్మని కబురు పెట్టింది. మేము వెళ్లి, ఒళ్లో వాలిపోయి ఉన్న ఆ చేతిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాం.

"ఏంది, అట్ల నిలబడినారు? రాండి. వాయించి చూపలేను, పాడి చెప్తా," అంది.

మేము చెప్పులు విడిచి లోపలికి పోయాం.