బావ వేయించిన కుర్చీ

నిన్న వికారాబాద్‌లో ఒక పెళ్లికి వెళితే, నన్ను చూడగానే ఎవరో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వెనకనుంచి మోకాళ్లకు ఆనించారు. డయాలసిస్ మనిషినని వాళ్ల మర్యాద. నాకు మాత్రం ఒళ్లు మండింది, వాళ్ల మీద కాదు, మా అక్క మొగుడి మీద.

తాండూరులో బండల పాలిష్ మిల్లులో పనిచేసిన రోజుల్లో నా బండతనం తలలోనే కాదు, భుజాల్లోనూ ఉండేది. తర్వాత కిడ్నీలు చేతులెత్తేశాయి. డయాలసిస్ మిషన్ ఎక్కే రోజును వీలైనంత వెనక్కి జరపడానికి పప్పు, మాంసం తగ్గించమన్నాడు డాక్టరు. ఆ మాట మా బావ విన్నాడు. ఆనక వికారాబాద్ వచ్చి మిషన్ మీద పడుకోవడం మొదలై తిండి లెక్క తిరగబడి మాంసకృత్తులు పెంచాల్సి వచ్చినా, ఇంటి పెద్దల్లుడి శాసనం మాత్రం మారలేదు. కంది పండే ఊళ్లో నాకు కందిపప్పు బంద్, గుడ్డు బంద్, నడక బంద్. కందితోపాటే కండా పోయింది. జావ తాగి తాగి జావగారిపోయాను.

ఏ విందులోనైనా నన్ను మూలన కుర్చీలో కూలేసి, బంతిలో కూర్చున్నవాళ్లందరికీ వినిపించేలా బావ అరిచేవాడు: "మా బామ్మర్దిని కింద కూసోబెట్టకుండ్రి! లేపాల్నంటె క్రేన్ దేవాలె!"

బావ పరాచికానికి కోపం తెచ్చుకోకూడదని మన ఆచారం కదా, నేనూ నవ్వేవాణ్ణి. ఆచారం కోపాన్ని ఆపదు, ఊరబెడుతుంది.

తిండి సంగతి చూసే డాక్టరమ్మ ఒకనాడు నా తొడ పట్టి చూసి మా ఆవిడ మీద గయ్యిమంది: "మిషన్ల మంచిది గూడ కొంత పోతదమ్మా! తెల్లసొన వెట్టు, జర నడిపియ్యి. లేకుంటె ఈయన ఒళ్లు తన కండనే తింటది."

ఆరోగ్యం కోసమని అబద్ధమాడను, కసితోనే తిన్నాను. ఉడికిన గుడ్డు వలిచినప్పుడల్లా బావ బట్టతల కళ్లముందు మెదిలేది. మా ఆవిడ తలుపు వేసి కాపలా ఉంటే, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, తర్వాత పీట మీదనుంచి, ఆ తర్వాత నేల మీదనుంచి సాధన చేశాను.

అక్క మనవణ్ణి తొట్టెలలో వేసే వేడుక నాడు, ఒకప్పుడు నేను పాలిష్ పట్టిన బండలే పరిచిన బావ వాకిట్లో, కుర్చీని కాలితో పక్కకు నెట్టి బావకు ఎదురుగా బంతిలో కూర్చున్నాను. అందరూ తినేదాకా ఎవరూ లేవకూడదు, లేస్తే అందరూ కలిసే లేవాలి. బంతంతా లేచింది. నేను చేతులు గాల్లో పెట్టుకుని లేచాను. బావ లేవలేదు. మోకాళ్లు పట్టేసి గోడకోసం తడుముకుంటున్నాడు. నా ఎడమచేతికి డయాలసిస్ సూదులు గుచ్చే ఫిస్టులా ఉంది, దానితో బరువు లాగకూడదు. అందుకని ఎంగిలి చెయ్యే చాచాను.

"క్రేనొచ్చింది బావా, లే!"

వాకిలంతా గొల్లుమంది. నా చెయ్యి పట్టుకునే లేచాడు, ముఖం కందగడ్డ చేసుకుని: "సాటుకు గుడ్లు దిన్నవు గదరా!"

అంత రుచైన భోజనం నేను మళ్లీ ఎరగను.

బావ ఇప్పుడు లేడు. బంతులూ లేవు, ఫంక్షన్ హాళ్లలో పడుచువాళ్లకూ బల్లలూ కుర్చీలే. నిన్న భోజనమయ్యాక చేతులు ఆనించకుండా ఠీవిగా లేచి చుట్టూ చూశాను. ఎవరూ చూడలేదు. పగ ఇంకా పచ్చిగానే ఉంది గానీ, ఎవరి ముందు లేవాలో ఆ మనిషే లేకుండా పోయాడు.