స్కోర్ల పట్టీలో నా పైనున్న పేరు

కిందటి వారం పొద్దున్నే కాఫీ తాగుతుండగా మా కాలేజీ పాత అటెండరు ఫోన్ చేశాడు. "మన ఫిజిక్స్ మాస్టారు వెళ్ళిపోయేరండి. నిద్దట్లోనేనంటండి." నిజం చెబుతున్నాను, నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. నొప్పీ బాధా లేకుండా నిద్రలో పోయారు, చివరికి ఇందులోనూ ఆయనకే మంచి మార్కులు పడ్డాయే అనిపించింది. ఆ తరవాతే కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాను.

తొంభైల్లో అమలాపురంలోని ఒక డిగ్రీ కాలేజీలో ఇద్దరం ఒకేసారి చేరాం. ఆయన ఫిజిక్సు, నేను కెమిస్ట్రీ. లాబులు పక్కపక్కనే. నా లాబులోంచి ఎప్పుడూ కుళ్ళిన కోడిగుడ్ల కంపు వచ్చేది. ఆయన గదిలో కటకాలు, పట్టకాలు, గోడమీద ఇంద్రధనుస్సు. అది చాలదన్నట్టు కాలేజీకి వచ్చిన మొదటి కంప్యూటరు కూడా ఆయన గదికే వెళ్ళింది. దానికి ఏసీ, కర్టెన్లు, కొలతలు తీసి కుట్టించిన ముసుగు. గుళ్ళోకి వెళ్ళినట్టు చెప్పులు బయట విడిచి వెళ్ళేవాళ్ళం.

అందులో ఒక ఆట ఉండేది. పైనుంచి రకరకాల ఇటుక ముక్కలు పడుతుంటే తిప్పి, సందుల్లో ఇమిడ్చి, వరస నింపాలి. ప్రాక్టికల్సు అయ్యాక తను రికార్డులు దిద్దుకుంటూ పిల్లల్ని దాని ముందు కూర్చోబెట్టేవారు. "ఆడనివ్వండి మాస్టారూ, కీబోర్డంటే భయం పోతుందండీ," అనేవారు. వాళ్ళ భయం సంగతేమో గాని నా లాబు ఖాళీ అయిపోయేది. బ్యూరెట్ కుళాయి సరిగా కట్టకుండానే పరిగెత్తేవారు.

ఒక ఏడాది మా కెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్షలకి యూనివర్సిటీనుంచి ఎగ్జామినరు వచ్చారు. మా ఆనవాయితీ ప్రకారం ఆయన భోజనం నా పూచీ. పనసపొట్టు కూర, పూతరేకులు ఇంటినుంచి మోయించాను. ఆయన సుష్టుగా తిని, చెయ్యి కడుక్కుని, తిన్నగా పక్క గదిలోకి వెళ్ళి ఆ ఆట ముందు కూర్చున్నారు. సాల్టులు ముందు పెట్టుకుని పిల్లలు అలా నిలబడే ఉన్నారు. రాజమండ్రి బస్సు వేళకి లేచి, నా చెయ్యి పట్టుకుని, "మీ కాలేజీలో ఫిజిక్స్ డిపార్టుమెంటు అద్భుతమండీ," అన్నారు. నా పూతరేకుల ఊసే లేదు.

ఆ రోజే పంతం పట్టాను. ఆ ఆటలో స్కోర్ల పట్టీ ఉండేది. పైన ఎప్పుడూ ఫిజిక్స్ మాస్టారి పేరే. ఒక్కసారైనా నా పేరు దానికి పైన కనిపించాలి. ఆయనకి క్లాసున్న వేళ చూసి వెళ్ళి ఆడేవాణ్ణి. ముక్కలు గుట్టగా పేరుకుపోయి ఇట్టే అయిపోయేది. ఒకనాడు వెనకనుంచి గొంతు వినిపించింది. "పడే ముక్కని చూడకండి మాస్టారూ. కింద ఖాళీ ఎక్కడుందో చూడండి."

స్టూలు లాక్కుని పక్కనే కూర్చుని విసుగు లేకుండా నేర్పారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పోటీదారన్నాక కాస్త పోటీదారులా ఉండాలా వద్దా? రోజూ టీ తెప్పించి, "ఇవాళ ఎంతొచ్చిందండీ?" అని అడిగేవారు కూడా. మెల్లగా ఆయన పేరు కిందకి చేరాను. అక్కణ్ణుంచి కదల్లేదు. ఆ తరవాత కాలేజీకి ఇంటర్నెట్ వచ్చింది. అది పెట్టడానికి వచ్చినతను కంప్యూటర్లో ఉన్నదంతా తుడిచేశాడు. ఆయన నవ్వేశారు. "పోనిద్దురూ, ఇప్పుడిద్దరం సమానం!" సమానమట. గెలిచినవాళ్ళే అనగలిగే మాట అది.

కబురు తెలిసిన రోజే పి.గన్నవరంలో వాళ్ళింటికి వెళ్ళాను. హాల్లో పరిచిన జంపఖానా నిండా పాత స్టూడెంట్లే. వాళ్ళలో సగం నా దగ్గరా చదివినవాళ్ళు. నేను పోతే వీళ్ళు ఇలా వస్తారా అని అక్కడ కూడా లెక్కలు వేసుకుంటూ గుమ్మంలోనే ఆగిపోయాను. అంతలో ఏడుపు తన్నుకొచ్చింది. ఇక ఎవర్ని చూసి కుళ్ళుకోను?

ఆయన మనవరాలు మంచినీళ్ళ గ్లాసు తెచ్చి నన్ను ఎగాదిగా చూసింది. "మీరూ మా తాతగారి స్టూడెంటాండీ?"

కాదు, ఆయనతో సమానంగా పనిచేసినవాణ్ణి అని చెప్పబోయాను.

"ఆయ్, అవునమ్మా," అన్నాను.

"అయితే అక్కడ కూర్చోండి," అని జంపఖానా చూపించింది. వెళ్ళాను. నా దగ్గర చదువుకున్నవాళ్ళే ఒద్దికగా జరిగి, చివర్న నాకు కాస్త చోటిచ్చారు.