వద్దన్న కుర్చీ

ఏథెన్స్ ఎక్కడుందో పోయిన వేసవి దాకా కేశవరావుకి సరిగ్గా తెలియదు. అమెరికాలో నోవై అనే ఊళ్ళో పదిహేడేళ్ళుగా ఉంటూ, కారు సీట్లు చలికాలంలో సరిగా వేడెక్కుతున్నాయో లేదో పరీక్షించే ఉద్యోగం చేసుకునే మనిషికి ఆ అవసరమూ రాలేదు. ఆఫీసుకి వెళ్ళడానికి నలభై నిమిషాలు, రావడానికి నలభై నిమిషాలు. కారులో వినడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అని, గ్రీకు తత్వశాస్త్రం మీద ముప్ఫై ఆరు ఉపన్యాసాలు డౌన్‌లోడ్ చేసుకున్నాడు. ఏడు విన్నాడు. ఏడోదానిలో, రాజ్యం ఏలాల్సింది జ్ఞానులేనని ఉంది. తనకు కావలసింది దొరికిపోయింది కాబట్టి మిగతా ఇరవై తొమ్మిదీ వినలేదు.

తనకేమీ తెలియదని తెలుసుకోవడంతోనే జ్ఞానం మొదలవుతుందని మొదటి ఉపన్యాసంలోనే చెప్పారు. ఆ ముక్క వచ్చేసరికి మనవాడు లేన్ మారి అడ్డమొచ్చిన ట్రక్కువాణ్ణి తిడుతున్నాడు.

ఇతనికి ఏలడానికి రాజ్యమెక్కడిది అంటారా? ఉంది. మూడు వందల కుటుంబాల తెలుగు సమితి. ఉగాదికి స్కూలు ఆడిటోరియం బుక్ చేయడం, పిల్లల డాన్సులకి వరస వేయడం, పులిహోర చాలకపోతే మాటలు పడటం, ఇంతే ఆ రాజ్యం. దానికి ప్రెసిడెంట్ కావాలని కేశవరావు మొహం వాచిపోయి ఉన్నాడు. ఆఫీసులో అతనికన్నా పన్నెండేళ్ళు చిన్నవాడు మేనేజరు. మీటింగుల్లో ఎవరూ ఇతని వైపు తిరిగి, నువ్వేమంటావని అడగరు. జాలిపడదామనిపిస్తుంది. కానీ అతను నోరు తెరిస్తే ఆ జాలి నిలవదు.

నెలనెలా ఇంటికో వంట తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్‌లలో నోరు తెరవడం మొదలుపెట్టాడు.

"మనుషుల్ని గుహలో కట్టేసి కూర్చోబెట్టారండీ. వెనకాల మంట. ఎదురుగా గోడ మీద నీడలు. పుట్టినప్పట్నుంచీ అవే చూస్తున్నారు కాబట్టి అదే రియాలిటీ అనుకుంటారు. వాళ్ళలో ఒక్కడు బయటికెళ్ళి సూర్యుణ్ణి చూసొచ్చాడనుకోండి..." అని ఆగేవాడు.

ఆ ఒక్కడూ ఎవరో జనం కనిపెట్టాలి. జనమేమో ప్లేట్లు పట్టుకుని గోంగూర పచ్చడి ఎక్కడుందో కనిపెట్టే పనిలో ఉండేవారు. శ్యామ్‌సుందర్ అనే పెద్దమనిషి ఒక్కడే చల్లారిన వడ చేత్తో పట్టుకుని శ్రద్ధగా వినేవాడు.

"కుర్చీ కావాలనుకునేవాడు కుర్చీకి తగడు శ్యామ్ గారూ. అసలైన జ్ఞానికి దాని మీద ఆశే ఉండదు," అని ప్రతిసారీ ముగించేవాడు కేశవరావు. చెప్పి, ఇంటికెళ్ళి గరాజ్ తలుపు వేసుకుని, ప్రెసిడెంట్‌గా చేయబోయే మొదటి ప్రసంగం ప్రాక్టీస్ చేసేవాడు. భార్య విజయశ్రీకి కూడా చెప్పలేదు. తనకు కావాలని నోరు విడిచి చెప్పడం జ్ఞానికి నామోషీ.

చెప్పాల్సిన పని కూడా లేదు. ఆ సమితిలో ఎన్నికలుండవు, ఏకగ్రీవమే. దానికో మర్యాద ఉంది. పేరు ప్రతిపాదించగానే "అబ్బే, నాకెందుకండీ" అనాలి. రెండోసారి అడిగితే "నాకన్నా పెద్దవాళ్ళున్నారు" అనాలి. మూడోసారి అడిగితే దణ్ణం పెట్టి ఒప్పుకోవాలి. ఇన్నేళ్ళుగా ప్రతి ప్రెసిడెంటూ అలా వద్దువద్దంటూ అయినవాడే.

జనవరిలో సర్వసభ్య సమావేశం. బయట మంచు. దిగిపోతున్న ప్రెసిడెంట్ ఫణి మైకు పట్టుకుని కేశవరావు పేరు చదివాడు.

"అబ్బే, నాకెందుకండీ," అన్నాడు కేశవరావు.

"కాదనకండి సార్," అన్నాడు ఫణి.

"నాకన్నా పెద్దవాళ్ళున్నారు."

కోటు జేబులోని కాగితం మీద చెయ్యి వేసుకున్నాడు. ఇంకొక్కసారి అడిగితే చాలు. ఫణి నోరు తెరిచాడు కూడా. అంతలో శ్యామ్‌సుందర్ లేచి నిలబడ్డాడు, కళ్ళు చెమర్చి ఉన్నాయి.

"ఫణీ, ఇంక అడక్కు. ఆయన్ని అవమానించినట్టవుతుంది. కుర్చీ మీద ఆశ లేదని ఆర్నెల్లుగా నెత్తీనోరూ కొట్టుకుని చెప్తున్నారాయన. మనలో చిత్తశుద్ధి ఉన్న మనిషి ఈయనొక్కరే. ఈయన్నీ ఆ రొంపిలోకి లాగుదామా?"

హాలంతా చప్పట్లు. కొత్త ప్రెసిడెంట్ కోసం తెచ్చిన శాలువా కేశవరావు భుజాల మీద కప్పారు. అప్పుడైనా "నాకు కావాలి" అనొచ్చు. ఆ రెండు మాటలూ అనకుండా, శాలువా సర్దుకుని చిరునవ్వు నవ్వాడు. ఆ మహాజ్ఞానికి తెలియనిది తన మనసొక్కటే అనుకోకండి. తెలుసు. చెప్పే దమ్ము లేదంతే.

సౌండ్ సిస్టమ్ దగ్గర నిలబడ్డ జితేందర్ చెయ్యెత్తాడు. "ఎవరో ఒకలు చెయ్యాలె గద. నేను చేస్త. స్పీకర్లు ఎట్లనో నేనే మోస్తున్న." ఎవరూ మూడుసార్లు అడగలేదు. రెండు నిమిషాల్లో అయిపోయింది.

ఇంటికి వెళ్ళేటప్పుడు విజయశ్రీ డ్రైవ్ చేస్తోంది. కేశవరావు శాలువాని, కోటుని చుట్టి వెనక సీట్లోకి విసిరాడు. కోటు జేబులోంచి జారిన కాగితాన్ని కూతురు ఆద్య తీసింది. ఇక్కడే పుట్టిన పిల్ల. ఆదివారం తెలుగు క్లాసులో నేర్చుకున్న అక్షరాలతో, కూడబలుక్కుంటూ పైకి చదివింది.

"మీ... రందరూ ఇంత బలవంతం చేస్తే... కాదనలేక ఈ పదవి..." ఆగిపోయింది. "నాన్నా, ఇది నువ్ రాశావా? బట్ నోబడీ ఫోర్స్డ్ యూ."

విజయశ్రీ ఒక్కసారి అతని వైపు చూసింది. "నాతో కూడా వద్దనే అన్నారు కదండీ. కావాలా మీకు?"

కేశవరావు తన సీటు వేడెక్కించే బటన్ నొక్కాడు.

"దాన్ని చదవనీ," అన్నాడు.

ఆద్య చదివింది. ఒత్తులు మింగేస్తూ, దీర్ఘాలు కుదించేస్తూ, అర్థం కాని మాటలు దాటేస్తూ. అతను దిద్దలేదు. కాగితం చివర అతను తన కోసం రాసుకున్న సూచన ఒకటుంది. అది ప్రసంగంలో భాగం కాదని పిల్లకి తెలియదు.

"ఇక్కడ... చప్పట్లు కొడతారు. అయ్యేదాకా ఆగాలి," అని అదే గొంతుతో చదివి, చప్పట్ల కోసం ఆగింది.

విజయశ్రీ స్టీరింగ్ మీది చేతులు తీయలేదు.