సిపాయి కుడిచెయ్యి

ఇప్పటికీ ఎవరైనా హఠాత్తుగా నా మణికట్టు పట్టుకుంటే ఉలిక్కిపడతాను.

అప్పట్లో ఒకసారి సఖినేటిపల్లి రేవులో పడవెక్కితే, నా పక్కనున్న ముసలాయన కంపెనీ సిపాయిగా చేసినవాడట. బర్మా యుద్ధంలో తూటా తగిలి చచ్చుబడిపోయిన కుడిచేతిని గుడ్డతో మెడకు వేలాడగట్టుకున్నాడు.

"ఏటా డాక్టరు దొరగారికి చూపించాలండి. ఇది పనికిరాదని రాస్తేనే పింఛనండి," అన్నాడు. పింఛను కచేరీ బంట్రోతు కూడా ఆ పడవలోనే, ముందువైపు, మాకు వీపు పెట్టి కూర్చున్నాడు.

నడి ఏట్లో గాలికి పడవ ఒరిగింది. నేను నీళ్లలోకి జారిపోతుంటే ఒక చెయ్యి నా మణికట్టు పట్టి లోపలికి లాగింది. అది సిపాయి కుడిచెయ్యి.

ఇద్దరం వణికిపోయాం. నేను ఏటిని చూసి, ఆయన బంట్రోతును చూసి.

"ఇది కదుల్తుందని నాకే తెలీదండి," అని గొణిగాడు. "ఇంటిల్లిపాదీ దీని మీదే బతుకుతున్నామండి."

అవతలి రేవులో బంట్రోతు నన్ను ఆపాడు. "మిమ్మల్ని లాగింది ఆ సిపాయేనాండీ?"

నా మణికట్టు మీద అయిదు వేళ్లూ ఎర్రగా తేలి ఉన్నాయి. పైపంచె వాటి మీదికి లాక్కున్నాను.

"కాదండి. నేనే పడవ అంచు పట్టుకున్నాను."

వెనక్కి చూస్తే, సిపాయి ఆ చేతిని తలపాగాతో ఒంటికి బిగించి కట్టేస్తున్నాడు, ముడిని పళ్లతో లాగి.