మామా ఎంచుకున్న రివాల్వర్

కువైట్‌లో పనికి కుదిరిన ఇంటి యజమానురాలిని మేమంతా మామా అనే పిలుస్తాం. నేను పనిచేసిన మిగతా మామాల గురించి చెప్పమంటే తలా నాలుగు మాటలతో సరిపెడతాను, అందులో రెండు తిట్లే ఉంటాయి. ఈమె గురించి చెప్పాలంటే మాత్రం ఒక రివాల్వర్ సంగతి మొదట్నించీ చెప్పాలి.

తొంభైల చివరి మాట. ఇరాక్‌తో యుద్ధం ముగిసి ఏళ్ళయినా అక్కడి పెద్దవాళ్ళ మనసుల్లోంచి అది పోలేదు. రోడ్డు మీద టైరు పేలినా ఒక్క క్షణం అందరూ మాట ఆపేసేవాళ్ళు. మామా భర్త అంతకు ముందు ఏడే గుండె జబ్బుతో పోయాడు. పిల్లలు లేరు. రెండంతస్తుల ఇంట్లో ఆమె, నేను, అంతే. ఇంతలో మా వీధిలోనే ఒక ఇంట్లో పట్టపగలు దొంగలు పడి, ముసలామెను కుర్చీకి కట్టేసి బంగారం పట్టుకుపోయారు. ఆ సాయంత్రమే మామా వాళ్ళ అన్న ఊడిపడ్డాడు. సైన్యంలో చేసి రిటైరైనవాడు, గొంతు పెద్దది, చెల్లెలంటే ప్రాణం. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే.

ఆ అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకునేది అరబ్బీయే. ఇప్పుడు తలచుకుంటే మాత్రం ఆ మాటలు నా చెవికి మా కడప మాటల్లాగే వినిపిస్తాయి. అట్లాగే రాస్తాను, ఎవరేమనుకున్నా సరే.

"ఇంట్లో ఒక ముసద్దస్ ఉండల్ల" అన్నాడాయన. ముసద్దస్ అంటే పిస్టల్. ఆ వెంటనే చాయ్ అందిస్తున్న నా వైపు వేలు చూపించాడు. "అది వచ్చినాక ఈ పిల్ల ఈడ ఉండగూడదు. పనిమనిషి తిరిగే ఇంట్లో ఆయుధం పెట్టుకునేంత పిచ్చోళ్ళు ఎవురన్నా ఉంటారా?"

"ముందు దాన్ని రానీన్నా. ఎవురుండల్లో ఎవురు పోవల్లో తర్వాత చూస్తాం" అంది మామా, చాయ్‌లో చక్కెర తగ్గిందని నన్ను కసురుకుంటూనే.

అంతకు ముందు పనిచేసిన ఇంట్లో నన్ను లోపల పెట్టి బయట తాళం వేసుకుని పోయేవాళ్ళు. ఈ ఇంట్లో వీధి తలుపు తాళం ఒకటి నా దగ్గరే ఉండేది. నా ఇఖామా, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే పర్మిట్, మామా పేరు మీదే. ఆమె వద్దంటే నాకు కువైట్ ఖలాస్. ఊళ్ళో చెల్లెలు నర్సింగ్ రెండో ఏడాదిలో ఉంది. దొంగల భయం మామాకి ఉందో లేదో తెలియదు కానీ, ఇంకా కొనని ఆ పిస్టల్ భయం మాత్రం ఆ రోజే నన్ను పట్టుకుంది.

మామా దేవతేం కాదు. దుమ్ము తుడిచిన చోటే మళ్ళీ వేలు పెట్టి చూసేది. వంటింట్లో ఉల్లిపాయ వృథా అయితే పూట పూటంతా సాధించేది. కానీ ఒక వస్తువును ఎంచుకోవాలంటే ఆమె తర్వాతే ఎవరైనా. షర్క్ చేపల మార్కెట్‌లో ఆమె వస్తోందంటే అమ్మేవాళ్ళు పాత సరుకు వెనక్కి నెట్టేవాళ్ళు. అలాంటి మనిషి పిస్టల్ కొనడానికి బయలుదేరింది.

అన్న ఆమెను షూటింగ్ క్లబ్‌కి తీసుకుపోయాడు. నీళ్ళ సీసా, ఫ్లాస్కు మోయడానికి నేనూ వెళ్ళాను. బల్ల మీద మూడు పెట్టారు. ఒకటి వెండిలా మెరిసిపోతోంది, పిడికి తెల్లటి పలక. అన్న కళ్ళు దాని మీదే ఉన్నాయి. రెండోది నల్లగా, బరువుగా ఉన్న పెద్ద పిస్టల్. మూడోది పొట్టి గొట్టం రివాల్వర్. బూడిదరంగు తేలి, ఎవరో వాడి పడేసినట్టుంది. నన్నడిగితే ఆ మెరిసేదే అద్భుతమనేదాన్ని, కానీ నన్నెవరూ అడగలేదు.

మామా మొదట ఏదీ ముట్టుకోలేదు. నేర్పే ఆయన్ను అడిగింది. "ఏడాది పాటు పెట్టెలో పడుండి, ఒకనాడు ఉన్నట్టుండి చేతిలోకి తీసుకుంటే, వీటిల్లో ఏది పలుకుతాది?"

ఆయన ఆమె వంక కొత్తగా చూశాడు. జనం ఎంత దూరం పేలుతుంది, ఎన్ని గుళ్ళు పడతాయి అని అడుగుతారట. ఈ మాట అడిగినవాళ్ళు తక్కువట.

తర్వాత ఆమె చేసిన పరీక్షలు చూసి నేను ముక్కున వేలేసుకున్నాను. కళ్ళజోడు తీసేసి, ఒక్కొక్క పిస్టల్‌నీ పట్టుకుని చూసింది. నన్ను నీళ్ళు పొయ్యమని, తడిచేత్తో పట్టుకుని చూసింది. అబాయా చేతి అంచు అడ్డం పడుతుందేమోనని చెయ్యి ఎత్తి దించి చూసింది. పెద్ద పిస్టల్ పైభాగాన్ని వెనక్కి లాగాలి. ఆమె బొటనవేలికి కీళ్ళవాతం, సగం దాకా లాగి వదిలేసింది. "లాగలేనిదాన్ని నేనేం చేసుకోవల్ల?" అని పక్కకు జరిపింది. మెరిసే పిస్టల్ నాలుగు గుళ్ళు దర్జాగా పేల్చి ఐదోదానికి ఇరుక్కుంది. నేర్పే ఆయన సరిచేసి ఇచ్చాడు. మళ్ళీ ఇరుక్కుంది. అన్న గుళ్ళను తిట్టాడు, వేడిని తిట్టాడు. చివరికి మామా పట్టుకున్న తీరునూ తిట్టాడు.

ఆమె నవ్వింది. "దొంగ వచ్చినప్పుడు గూడా ఎండగానే ఉంటాది గదన్నా."

రివాల్వర్ తీసుకుంది. మొదటి గుండుకి చెయ్యి ఇంత పైకి లేచింది. పెదవి కొరుక్కుని మళ్ళీ పేల్చింది. గుళ్ళన్నీ అయ్యేదాకా పేల్చింది. "ఒక గుండు పలక్కపోతే?" అని అడిగింది. మళ్ళీ నొక్కితే చక్రం తిరిగి ఇంకో గుండు వస్తుందన్నాడు ఆయన. గుళ్ళ చక్రాన్ని పక్కకు తెరిచి, నిండా ఉందా ఖాళీయా అని కంటితో చూసుకోవచ్చని కూడా చూపించాడు. మామా తనే రెండు మూడుసార్లు తెరిచి మూసింది.

"ఇదే" అంది. అన్న మొహం మాడిపోయింది. ముసలి పోలీసోళ్ళు పెట్టుకునేది ఇదీ అని గొణిగాడు. ఆమె అప్పటికే నా చేతిలోంచి ఫ్లాస్కు తీసుకుని చాయ్ పోసుకుంటోంది. నాకు ఆమెను చూస్తే గర్వంగా అనిపించింది. నా ఉద్యోగానికి ఎసరు పెట్టే వస్తువునే కొంటోందన్న సంగతి కాసేపు మరిచిపోయాను.

లైసెన్సు వచ్చేసరికి వేసవి గడిచింది. ఆలోపు ఒక శుక్రవారం, భోజనాలయ్యాక, ఖైతాన్‌లో ఉండే, మా వైపు నుంచే పనికి వచ్చిన రాయచోటి అక్క గదికి వెళ్ళి గోడు వెళ్ళబోసుకున్నాను.

అక్క చేతిలోని చాట కింద పెట్టేసింది. "తుపాకి ఉండే ఇంట్లో ఏంటికుంటావే నువ్వు? రేపు ఏదన్నా అయితే మనమీదికే కదా వచ్చేది! వేరే ఇల్లు, వేరే కఫీల్‌ని చూసుకుందాం పా."

"ఈమెను ఇడిసిపెట్టి పోనక్కా" అన్నాను.

"అట్లయితే నీ కర్మ. దండం పెట్టుకో" అని, నేను లేచేటప్పుడు దసరాకి కావాలని పసుపు, కుంకుమ పొట్లాలు చేతిలో పెట్టింది.

రివాల్వర్ ఇంటికొచ్చిన రోజు మామా చేసిన పని నేను బతికున్నంత కాలం మరిచిపోను. అన్న వెళ్ళాక నన్ను తన గదిలోకి పిలిచింది. బీరువా లోపల గోడకు బిగించిన ఇనుప పెట్టె చూపించింది. తెరిచి, రివాల్వర్ తీసి, చక్రం పక్కకు తిప్పి ఖాళీగా ఉందని చూపించింది.

"ఇది ఈడుంటాది. గుళ్ళు వేరే చోట ఉంటాయి. తాళం నా మెళ్ళో ఉంటాది. ఎప్పుడన్నా ఇది పెట్టె బయట కనబడితే ముట్టుకోగాకు, నన్ను పిలువు. ఇంట్లో ఏముందో తెలీకుండా నువ్వు ఇల్లెట్ల ఊడుస్తావు?" అంది.

అంత నమ్మి నాతో అప్పటిదాకా ఎవరూ మాట్లాడలేదు. ఊళ్ళోనైనా, కువైట్‌లోనైనా. అన్నకి తెలిసినప్పుడు ఒంటికాలి మీద లేచాడు. ఆమె చెవిన పెట్టలేదు.

ఇక దసరా వచ్చింది. మా ఇళ్ళల్లో ఆ రోజు కొడవలి దగ్గర్నించి కుట్టుమిషను దాకా పనిముట్లన్నిటికీ పసుపు రాసి బొట్టు పెడతాం. అన్నం పెట్టేవి అవే కదా. కువైట్‌లో కూడా నేను మానలేదు. చప్పుడు చెయ్యకుండా చేసుకునేదాన్ని. ఆ పొద్దున మామా వాళ్ళ అక్క ఇంటికి వెళ్ళింది, రాత్రి పొద్దుపోయాకే తిరిగొచ్చింది. వంటింటి కత్తికి, మిక్సీకి, ఇస్త్రీ పెట్టెకు, గ్యాస్ పొయ్యికి బొట్లు పెట్టాను. అన్నీ అయ్యాక అనిపించింది, ఇంట్లో ఉన్న అసలైన ఆయుధాన్ని వదిలేసి కత్తిపీటలకు పూజ చేస్తే ఏం పూజ అది? బీరువా తలుపు తీసి ఇనుప పెట్టెకు పసుపు రాశాను, మూడు బొట్లు పెట్టాను. నిమ్మకాయ కోసి, కుంకుమ అద్ది, రెండు బద్దలూ పెట్టె ముందు పెట్టాను. అదే రోజు తియ్యకూడదు, మర్నాడు తియ్యాలి. తప్పేం చేశాను? ఇప్పుడైనా అదే చేస్తాను.

మర్నాడు శుక్రవారం. నిమ్మబద్దలు తీసేలోపే అన్న పెందలాడే వచ్చాడు. రివాల్వర్‌కి నూనె వెయ్యాలంటూ మామాని వెంటబెట్టుకుని తిన్నగా ఆ గదిలోకే పోయాడు. నేను అన్నంలోకి కోడిముక్కలు వేయిస్తున్నాను. ఒక్క అరుపు వినిపించింది.

"సిహర్!"

కువైట్‌లో పనిచేసిన ప్రతి ఆడదానికీ ఆ మాట అర్థం తెలుసు. చేతబడి. ఆ పేరు పడితే పోలీసు, జైలు, ఆ తర్వాత విమానం. ఆ పేరుతో పట్టుకుపోయిన మనుషుల కథలు ఖైతాన్ గదుల్లో గొంతు తగ్గించి చెప్పుకునేవాళ్ళం. ఆ కంగారులోనూ పొయ్యి ఆపేసి వెళ్ళాను.

అన్న చేతిలో ఫోను ఉంది. "చూడు, ఎర్రగా, పచ్చగా! నిమ్మకాయ కోసి పెట్టింది! నిన్ను చంపడానికే!" అని రంకెలేస్తున్నాడు. మామా మొహం పాలిపోయింది. ఆమె కూడా భయపడింది. అది నేను చూశాను, దాచిపెట్టి చెప్పను. పెట్టెను ముట్టుకోకుండా రెండడుగులు వెనక్కి వేసింది కూడా. అయినా అన్న చేతి మీద చెయ్యి వేసి ఫోను కిందికి దించింది.

"ఆ పిల్లను అడగనీ" అంది. నా వైపు తిరిగింది. "ఇది ఎవురికి పెట్టినావు?"

"అన్నిటికీ పెట్టినా మామా. రాండి, చూపిస్తా."

ఇద్దరినీ వంటింట్లోకి తీసుకుపోయాను. కత్తి మీద బొట్టు, మిక్సీ మీద బొట్టు, పొయ్యి మీద బొట్టు. ఆయన ముందురోజు ఇస్త్రీ చెయ్యమని పంపిన తెల్లటి పొడుగు చొక్కా పక్కనే ఇస్త్రీ పెట్టె, దాని మీదా బొట్టే. ఏడుస్తూనే చెప్పాను. మా దగ్గర ఏడాదికొక రోజు పనిముట్లకు దండం పెడతామని, నిమ్మకాయ దిష్టికని, అది ఎవరికీ చెడు చెయ్యదని. నా అరబ్బీ సగం చేతులతోనే.

మామా ఒక్కొక్కదాన్నీ వంగి చూసింది. దుమ్ము ఉందేమోనని చూసినట్టే చూసింది. తర్వాత అడిగింది. "ఆ ముసద్దస్‌కి దండం పెట్టి ఏం కోరుకున్నావు?"

"దాంతో ఎప్పుడూ పని పడగూడదని మామా" అన్నాను. నిజంగా కోరుకున్నది అదే.

"నేనూ రోజూ నమాజులో అల్లాను అదే అడుగుతాండా" అంది మామా నెమ్మదిగా. ఆ తర్వాత కాస్త కటువుగా, "నా వస్తువులకు మాత్రం నువ్వు పూజ చెయ్యగూడదు. నీ గదిలో నీ ఇష్టం. పోయి తుడిచేసి రా" అంది. సరేనన్నాను. ఆమె ఇంట్లో ఆమె దేవుడి మాటే చెల్లాలి, అందులో నాకేం పేచీ లేదు.

అన్న మాత్రం దిగిరాలేదు. పళ్ళు నూరుతూ తాడోపేడో తేల్చుకోవాలనే నిలబడ్డాడు. "ఈ ఇంట్లో ఆ ముసద్దసన్నా ఉండల్ల, ఈ పిల్లన్నా ఉండల్ల. రెండూ ఉండేదానికి లేదు. నువ్వే చెప్పు."

నేను తడిగుడ్డ పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. మామా మెడలోంచి తాళం తీసింది. పెట్టె తెరిచి, రివాల్వర్ చక్రం తిప్పి ఖాళీగా ఉందని చూసుకుంది. ఎన్నో పరీక్షలు పెట్టి, అన్నతో పోట్లాడి, వేసవంతా లైసెన్సు కోసం తిరిగి తెచ్చుకున్న వస్తువది. దాన్ని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది.

"రేపు పొద్దున్నే స్టేషన్‌లో అప్పజెప్పి వస్తా. ఇది వచ్చినప్పట్నుంచీ నీ భయం తగ్గలేదు. ఈ పిల్లకు కొత్తగా భయం పట్టుకుండాది. నాకు మీ ఇద్దరి భయాలకు కాపలా కాసే ఓపిక లేదన్నా. యల్లా, పద, అన్నం చల్లారిపోతాది" అంది.

ఆయన అన్నం తినకుండానే వెళ్ళిపోయాడు. పనిమనిషి కోసం అన్న మాట తోసేసిందని బంధువులందరికీ చెప్పాడు. అక్కలు ఫోన్లు చేసి నిలదీశారు. మామా అందరికీ ఒకటే జవాబు చెప్పింది, తనకు వద్దనిపించి ఇచ్చేశానని. నా పేరు ఎత్తలేదు.

ఆయన వచ్చే రంజాన్ దాకా మా గడప తొక్కలేదు. ప్రతి శుక్రవారం మామా ఆయన కోసం కంచం పెట్టించేది. బయట కారు ఆగిన చప్పుడైతే తల ఎత్తి చూసేది. అన్నం చల్లారాక ఆ కంచం నేను ఖాళీగానే తీసేసేదాన్ని. అన్ని శుక్రవారాల్లో ఒక్కసారైనా, ఇదంతా నీ వల్లేనని ఆమె నన్ను ఒక్క మాట అనలేదు.