ధర చెప్పలేని మాస్టారు

మా పక్క కొట్టు టైలరు మాస్టారికి ప్యాంటు అంచు మడవడం వచ్చు. చిరిగిన కోటు జేబుని ఎప్పుడూ చిరగనట్టు చేయడం వచ్చు. నడుం దగ్గర బిగిసిన బట్టని ఎవరి కంటా పడకుండా వదులు చేయడం కూడా వచ్చు. ‘ఎంత?’ అని అడిగితే మాత్రం గొంతులో వెలక్కాయ పడ్డట్టు నిలబడిపోతాడు. వినడానికి చిన్న లోపంలాగే ఉంటుంది. కొట్టు పెట్టుకున్నవాడికి ఇంతకంటే పెద్ద లోపం ఇంకోటి లేదు.

నేను తాళంచెవులు చేస్తాను. మా రెండు కొట్లకీ మధ్య ఒక్క చెక్కగోడే అడ్డం. అటు మిషను ఆగితే నాకు తెలుస్తుంది, ఇటు నా ఆకురాయి ఆగితే ఆయనకి తెలుస్తుంది. చుట్టరికం ఏమీ లేదు గానీ మొదటినుంచీ ఇద్దరం బావా అంటే బావా అనుకుంటున్నాం. నా కొట్లో ధరల బోర్డు గుమ్మానికే వేలాడుతుంది. మామూలు తాళంచెవికి ఇంత, రెండువైపులా పళ్ళుంటే ఇంత, చెవి లోపల మర్చిపోయి తలుపు లాగేసుకుని ఏడుపు మొహంతో వచ్చేవాళ్ళకి ఇంకొంచెం. అడగడానికి నాకు మొహమాటం లేదు. కాబట్టి ఇది చెబుతున్నవాడు మెతక మనిషని మాత్రం అనుకోకండి.

మాస్టారి కొట్లో ధర చెప్పే పని వాళ్ళావిడది. నేను చెల్లెమ్మా అని పిలిచేవాణ్ణి, వీధి మొత్తం బేరాలమ్మ అనేది. ఆ మాట ఆవిడ చెవినపడినా నవ్వేదే తప్ప నొచ్చుకునేది కాదు. టేపు మెళ్ళో వేసుకుని, బొత్తాల డబ్బా ఒళ్ళో పెట్టుకుని గుమ్మం పక్కన కూర్చునేది. వెనకాల మాస్టారు మిషను మీద తలవంచుకుని ఉండేవాడు. నోట్లో నాలుక లేని మనిషికి దేవుడు రెండు నాలుకల భార్యనిచ్చాడని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

ఆవిడతో బేరమాడడంలో ఆసుపత్రి నర్సమ్మని మించినవాళ్ళు లేరు. నర్సమ్మ మా వీధి చివర ఒక్కతే ఉంటుంది. నోరున్న మనిషి. ఏటా యూనిఫారాలు పట్టుకొచ్చేది, నడుం దగ్గర వదులు చేయించుకోవడానికి.

“ఈ మాత్రం కుట్టుకి అంతా? ఇంకొంచెం పెడితే కొత్తదే వస్తుంది.”

“కొనుక్కో తల్లీ, నేనేమన్నా చెయ్యి పట్టుకున్నానా? కొన్న మర్నాడు దాన్ని కూడా వదులు చేయమని నా దగ్గరికే వస్తావు.”

“నేను లావయ్యానంటావా?”

“నేనెందుకంటానమ్మా, నీ కుట్లు అంటున్నాయి.”

ఇలా సాగేది. పోసుకున్న టీలు చల్లారిపోయేవి. బేరం తెగేలోపు ఎవరి మోకాలు పట్టేసిందో, ఎవరింట్లో కుళాయి కారుతోందో, ఏ డాక్టరు ఎవరిమీద కసురుకున్నాడో అన్నీ బయటికొచ్చేవి. చివరికి ఇద్దరూ తామే గెలిచామనుకుని విడిపోయేవాళ్ళు. మాస్టారు ఒక్కమాట మాట్లాడేవాడు కాదు గానీ ఆ గోలంతా వింటూ మిషను తొక్కేవాడు. ఒక్కోసారి భరించలేక నేను చెక్కగోడ మీద గుద్దేవాణ్ణి.

తర్వాత ఆవిడ జబ్బుపడింది. ఎక్కువకాలం మంచాన ఉండకుండానే పోయింది.

మాస్టారు మళ్ళీ కొట్టు తెరిచిన రోజు మొదట వచ్చింది ఎవరో దారినపోయే మనిషి, జిప్పు మార్పించుకోవడానికి. పని అయ్యాక “ఎంత మాస్టారూ?” అన్నాడు. మాస్టారు అలవాటుకొద్దీ గుమ్మం పక్కకి తల తిప్పి చూశాడు. జవాబు అటునుంచి రావాలి మరి. వచ్చిన మనిషి కూడా ఏదో ఉందేమోనని అటే చూశాడు. ఇద్దరూ అలా ఖాళీ జాగా వైపు చూస్తూ నిలబడ్డారు. నేను నా కొట్టు ముందు నిలబడి ఇదంతా చూశాను. చూసి ఉండకపోతే బాగుండేదనిపించింది.

“మీకు... మీకు తోచింది ఇవ్వండి,” అన్నాడు మాస్టారు.

అలా మొదలైంది. వారం తిరక్కుండానే బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చి, మూతకి కత్తెరతో గాటు పెట్టి బల్ల మీద ఉంచాడు. పక్కన అట్టముక్క మీద ‘మీకు తోచింది వేయండి’ అని రాశాడు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఎంత వేస్తున్నారో తను చూస్తే తక్కువ వేసేవాళ్ళు సిగ్గుపడతారని, బట్టలు చేతికివ్వగానే ఇస్త్రీ పెట్టె చూసొస్తానని చెప్పి తెర వెనక్కి వెళ్ళిపోయేవాడు. డబ్బా చప్పుడై, మెట్టు మీద అడుగులు వినబడ్డాకే బయటికొచ్చేవాడు. అక్కడ ఇస్త్రీ పెట్టె వేడి కూడా ఉండేది కాదు.

ఆయనకి ధర చెప్పడం రాక పెట్టిన డబ్బాని లోకం దానగుణం అనుకుంది. ఎవరో ఫొటో తీసి ఫోన్లలో తిప్పారు. ఇంకేముంది, ఎక్కడెక్కడి వాళ్ళూ సంచులు మోసుకుంటూ దిగారు. ఒకావిడ ఇంటిల్లిపాది ప్యాంట్లూ కర్టెన్లూ తెచ్చి కుప్ప పోసింది. “మీలాంటివాళ్ళు ఉండబట్టే లోకం నడుస్తోంది మాస్టారూ,” అని కళ్ళు తుడుచుకుని, డబ్బాలో చిల్లర వేసి కారెక్కింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మెచ్చుకోలు చుట్టుకుని కుట్టడానికి అదేమన్నా దారమా?

ఇంకొకాయన ఒకసారి పెద్ద నోటు వేశాడు, పాపం మంచివాడే. కానీ ఆ రోజునుంచీ కొట్టు తన సొంతమన్నట్టు నడుచుకునేవాడు. తన కోటు ముందు కుట్టాలి, మిషను ఇటు జరపాలి, గోడకి రంగు వేయించాలి. ఒక్క నోటుతో ఇన్ని సలహాలు ఇచ్చే హక్కు వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. తెలిస్తే నేనూ బ్యాంకులో ఒక నోటు వేసి మేనేజరు కుర్చీ జరిపించేవాణ్ణి.

ఫొటో మోజు తీరాక ఆ జనం కూడా పలచబడ్డారు. వింత ఏమిటంటే, పాతవాళ్ళు రావడం మానేశారు. నర్సమ్మ ఒకసారి వచ్చి, మళ్ళీ కనబడలేదు. మధ్యాహ్నాలు మాస్టారు ఖాళీ మిషను ముందు కూర్చుని, పాత గుడ్డపీలికని అంచు మడిచి కుట్టేవాడు, విప్పేవాడు, మళ్ళీ కుట్టేవాడు. ఆ చప్పుడు నాకు గోడలోంచి వినబడేది. పనున్న మిషను చప్పుడు వేరు, ఇది వేరు.

గది యజమాని చెడ్డవాడు కాదు గానీ అద్దె విషయంలో ‘మీకు తోచింది’ అనే రకం కాదు. వచ్చే నెల అద్దె పూర్తిగా ఇవ్వకపోతే గది ఖాళీ చేయమన్నాడు. ఖాళీ చేస్తే మాస్టారికి మిగిలింది రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీ. అక్కడ అంచులు మడిచేవాళ్ళు కావాలట. జీతం వస్తుంది.

“పోనీ వెళ్ళు బావా,” అన్నాను. “నెల తిరిగేసరికి చేతిలో పడుతుంది.”

“అక్కడ మిషన్ల హోరులో ఎవరి మాటా ఎవరికీ వినబడదట. వరసల్లో కూర్చోబెడతారట, ముందువాళ్ళ వీపు తప్ప ఏమీ కనబడదట,” అన్నాడు. చేతిలో గుడ్డపీలిక మడుస్తూ, “ఇంటికెళ్తే ఎలాగూ మనిషి లేదు. ఇక్కడైతే రోజుకి ఒక్కడైనా మాస్టారూ అని పిలుస్తాడు. అదీ పోతే నేనేం చేయాలి బావా?” అన్నాడు.

“అయితే డబ్బా తీసెయ్. నోరు తెరిచి ధర చెప్పు.”

“ధర చెబితే తగ్గించమంటారు.”

“అంటే?”

“తగ్గించమంటే నేనేమనాలి? అది నాకు తెలీదు. అదంతా తనే చూసుకునేది.”

ఇంతకాలం గోడకి ఇవతల ఉన్నా ఈ మాట నా బుర్రకి తట్టలేదు. ఆయనకి భయం డబ్బు దగ్గర కాదు, ఆ తర్వాత వచ్చే మాట దగ్గర.

ఆ వారంలోనే నర్సమ్మ నా కొట్టుకి వచ్చింది, బీరువా తాళంచెవి ఒకటి పోగొట్టుకుని, రెండోదాన్ని చూసి ఇంకోటి చేయించుకోవడానికి. నేను ఊరుకునే మనిషినా, పక్క కొట్టు మొహం ఎందుకు చూడటం లేదని కడిగేశాను. ఆవిడ గొంతు తగ్గించింది.

“ఎలా రానన్నయ్యా? ఆ డబ్బాలో ఎంత వేయాలో నాకు తెలిసి చావదు. మొన్న వేసింది తక్కువైందేమోనని ఇంటికెళ్ళాక కూడా అదే ఆలోచన. ఎక్కువ వేద్దామంటే నా దగ్గరా లేదు. అదే ఆవిడుంటేనా, అరిచి అరిచి ఏదో ఒకచోట తెగ్గొట్టుకునేవాళ్ళం. అక్కడితో అయిపోయేది, హాయిగా ఇంటికెళ్ళి పడుకునేదాన్ని.”

“ఆయన ఏమీ అనుకోడమ్మా.”

“అనుకుంటాడో లేదో తెలియాలంటే మొహం చూడాలిగా! బట్టలు చేతిలో పెట్టి తెర వెనక్కి పోతాడు. ఇక వెళ్ళిపో అన్నట్టుంటుంది. ఆసుపత్రిలో పొద్దంతా మందులు, సూదులు. ఇంటికొస్తే గోడలు. ఆ కొట్లో కాసేపు పోట్లాడితే నాకూ ఒక మనిషితో మాట్లాడినట్టుండేది.” ఆవిడ కొత్త తాళంచెవిని చేతిలో బిగించి పట్టుకుంది. ఏడుస్తుందేమోనని నేను బీరువా సంగతి ఎత్తాను.

ఆవిడ వెళ్ళగానే షట్టరు సగం దించి పక్క కొట్టుకి పోయాను. ఉన్నదున్నట్టు చెప్పాను. నువ్వు మర్యాద అనుకుంటున్నావు, వాళ్ళు పొమ్మంటున్నావు అనుకుంటున్నారు అన్నాను. మాస్టారు తెర వైపు చూశాడు. తర్వాత లేచి, డబ్బా తీసి బల్ల కింద పెట్టేశాడు. తెరని కూడా పక్కకి లాగి మేకుకి కట్టేశాడు.

“నేర్పించు,” అన్నాడు.

నేర్పించడమంటే మాటలా? నా చొక్కానే విప్పి బల్ల మీద పడేసి, బనీనుతో నిలబడి గిరాకీ వేషం కట్టాను.

“ఈ కాలరు తిప్పి కుట్టడానికి ఎంత మాస్టారూ?”

“అదీ... మీ ఇష్టం.”

“తంతాను. మళ్ళీ చెప్పు.”

ఎన్నో గుటకలు మింగాక అంకె బయటికొచ్చింది. అంతా అని నేను గుడ్లురిమేసరికి బెదిరిపోయి సగానికి దిగిపోయాడు. “అలా దబ్బున దిగకూడదు బావా. తగ్గించడానికి వీలుగా ముందే కొంచెం పైన చెప్పాలి. అవతలివాళ్ళు అరుస్తారు. అరవనీ. అప్పుడు దారం ధర చెప్పు, కంటిచూపు సంగతి చెప్పు, వాళ్ళ యోగక్షేమాలడుగు. మెల్లగా మెట్టు మెట్టూ దిగు,” అన్నాను. దారినపోయేవాళ్ళు బనీనుతో ఉన్న నన్ను చూసి నవ్వుకున్నారు. మాస్టారు కూడా నవ్వాడు. చెల్లెమ్మ పోయాక ఆయన నవ్వడం అదే మొదటిసారి.

మర్నాడు నేనే వెళ్ళి, డబ్బా తీసేశాడు రావమ్మా అని నర్సమ్మకి చెప్పాను. అద్దె గొడవ నేను చెప్పనక్కర్లేదు, అది వీధిలో అందరికీ తెలిసిందే. సాయంత్రానికి ఆవిడ యూనిఫారం పట్టుకొచ్చింది. మాస్టారు ఆ పని మీద కూర్చుని లేవలేదు. పాత కుట్లన్నీ విప్పి, బట్ట లోపల మిగులు ఎంతుందో చూసుకుని, చంకల దగ్గర కూడా సర్ది, అడగని బొత్తాలు రెండు గట్టిగా బిగించాడు. ఆవిడ రావలసిన మధ్యాహ్నానికి గుమ్మం పక్కన ఒక స్టూలు వేసి, రెండు టీలు తెప్పించి మూతలు పెట్టాడు. ఏమేమి అనాలో లోలోపల చదువుకుంటున్నట్టు పెదాలు కదులుతున్నాయి. నేను ఆకురాయి పక్కన పెట్టేశాను. చెక్కగోడకి చెవి ఆనించి కూర్చున్నాను.

“అయిందా మాస్టారూ?” అంది నర్సమ్మ.

“అయిందమ్మా. చూసుకోండి.”

బట్ట విదిలించిన చప్పుడు. తిప్పి చూసుకుంటున్నట్టుంది. “ఎంత?” అంది.

నేను గోడకి ఇంకా దగ్గరగా జరిగాను. మాస్టారు ధర చెప్పాడు. గొంతు వణికింది గానీ చెప్పాడు. నేను చెప్పమన్నదానికంటే పైనే చెప్పాడు, నిజానికి చాలా పైన. భలే బావా అనుకున్నాను. ఇక నర్సమ్మ విరుచుకుపడుతుంది, ఈయన దారం ధర ఎత్తుకుంటాడు, గోడ మీద గుద్దే పని నాకు మళ్ళీ పడుతుంది అనుకుని చేతులు రుద్దుకున్నాను.

ఎవరూ అరవలేదు. సంచి జిప్పు చప్పుడైంది. “బాగా కుట్టారు మాస్టారూ, మీ ఆరోగ్యం జాగ్రత్త,” అంది నర్సమ్మ మెత్తగా. మంచం మీది రోగితో మాట్లాడే గొంతు అది. మెట్టు మీద అడుగులు వినబడ్డాయి.

నేను వెళ్ళేసరికి మాస్టారు బల్ల వెనకే నిలబడి ఉన్నాడు. స్టూలు ఖాళీగా ఉంది. టీల మీద మూతలు అలాగే ఉన్నాయి. ఇలాంటివి ఇంకో నాలుగు పనులు తగిలితే అద్దె గట్టెక్కుతుంది, కొట్టుకి ఢోకా లేదు. ఆ మాటే అన్నాను. ఆయన విన్నట్టు లేదు.

“పోట్లాడుతుందని ఎక్కువే చెప్పాను బావా,” అన్నాడు. చేతిలో నోట్లు అలాగే పట్టుకుని వీధి వైపు చూశాడు. “అడిగినంతా ఇచ్చేసింది,” అన్నాడు, ఎవరో జేబు కొట్టేసినట్టు.