దొంగ ఊపిరి

పెద్దకోడలికి కోపం ముక్కు మీదే ఉంటుంది. కుట్టుమిషను ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఆ ముక్కు మీదికి కళ్ళజోడు వచ్చి కోపానికి చోటుండదు. అందుకేనేమో, బడిపిల్లల యూనిఫారాలు కుట్టించుకోవడానికి నాలుగు వీధుల జనం ఆవిడ దగ్గరికే వస్తారు.

ఇల్లు ఒకటే, మధ్యలో చెక్క అడ్డుగోడ. ఇవతల పెద్దకోడలు, అవతల ఆవిడ తోడికోడలైన చిన్నకోడలు. ఎనిమిదేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. అంతకుముందు పన్నెండేళ్ళు ఒకే పొయ్యి దగ్గర కూరలు తరుక్కుంటూ, కూనిరాగాలు తీసుకుంటూ గడిపిన మనుషులే వీళ్ళు.

చెడింది అత్తగారి దగ్గర. ఆవిడ ఆసుపత్రిలో ఉంటే ఇద్దరూ వంతులు వేసుకుని కూర్చున్నారు. ఆఖరి రోజు మధ్యాహ్నం చిన్నకోడలు తూలిపోతుంటే, కాసేపు నడుం వాల్చు, నేను చూసుకుంటానంది పెద్దకోడలు. చిన్నది వరండాలో బల్ల మీద పడుకుంది. కుర్చీలో పెద్దదీ కునికింది. కళ్ళు తెరిచేసరికి ముసలావిడ వెళ్ళిపోయింది, చెయ్యి పట్టుకునే దిక్కు లేకుండా. నిన్ను నమ్మి పడుకోవడం నాదే తప్పని చిన్నకోడలు అందరి ముందూ అనేసింది. అబద్ధమైతే పెద్దకోడలు నాలుగు దులిపి మర్చిపోయేది. నిజం కావడంతో గుండెలో ఉండిపోయింది.

ఇలా ఉండగా నీళ్ళ పైపు దగ్గర రెండు వీధులవాళ్ళు తలలు పగలగొట్టుకున్నారు. రిటైరైన డ్రిల్లు మాస్టారు ఒకాయన చూసి చూసి విసిగిపోయి, గ్రంథాలయం మేడమీద ఆదివారం ఆదివారం అందరూ కలిసి పాడాలన్నారు. సంగీతం రాకపోయినా ఫర్వాలేదు, నోరుంటే చాలు, మీకెవరికీ దానికి కొదవ లేదుగా అన్నారు. పెద్దకోడలు మొదటిరోజే వెళ్ళింది. మొగుడు పోయాక వారమంతా మిషను చప్పుడే ఆవిడకు తోడు. ఆ ఒక్క గంట కోసం మిగిలిన ఆరు రోజులూ నెట్టుకొచ్చేది.

మూడో వారం మెట్లెక్కి చిన్నకోడలు రానే వచ్చింది. ఇద్దరూ ఎడమొహం పెడమొహం. మాస్టారికి ఇవేవీ పట్టవు. గొంతులు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయని పక్కపక్కనే నిలబెట్టారు.

పాట చివర ఒక సాగదీత ఉంది. ఇరవై అంకెలు లెక్కపెట్టేదాకా తెగకూడదు. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. పక్కమనిషి పాడుతుండగా నువ్వు దొంగ ఊపిరి తీసుకోవాలి, నువ్వు పాడుతుండగా వాళ్ళు. అందరికీ కుదిరింది గానీ, ఒక్కచోట మాత్రం ప్రతిసారీ తెగుతోంది. మాస్టారు ఈల మెడలో వేలాడేసుకుని ఒక్కొక్కరి నోటి దగ్గరా చెవి పెట్టుకుంటూ వచ్చి, ఈ ఇద్దరి ముందు ఆగారు. ఇద్దరూ ఒకే క్షణంలో ఊపిరి తీసుకుంటున్నారు! ఒక పొయ్యి దగ్గర కలిసి పాడుకున్న అలవాటు, ఎనిమిదేళ్ళయినా పోలేదు.

వచ్చే ఆదివారం పేట అందరి ముందూ పాడాలి. మీరిద్దరూ ఒక మాట అనుకుని రండి, లేదంటే ఒకరు కింద కూర్చోవాల్సిందేనన్నారు మాస్టారు. తనే కూర్చోవాల్సొస్తుందేమోనని పెద్దకోడలికి ఆ వారమంతా అన్నం సహించలేదు.

శుక్రవారం సాయంత్రం అడ్డుగోడ అవతల చిన్నకోడలు సాధన చేస్తోంది. సరిగ్గా ఆ చోటే తెగుతోంది. పెద్దకోడలు మిషను ఆపింది. అడ్డుగోడ దగ్గరికి వెళ్ళింది.

"ముందు నువ్వు తీసుకో. నేను నిలబెడతాను."

అవతల సాధన ఆగిపోయింది, మళ్ళీ మొదలవలేదు. తను అనకూడని మాట అన్నానని పెద్దకోడలికి సిగ్గేసింది. పోయినసారి ఆసుపత్రిలో కూడా ఇలాంటి మాటే ఇచ్చింది మరి.

ఆదివారం హాలంతా జనం. సాగదీత మొదలైంది. చిన్నకోడలు ఊపిరి తీసుకోలేదు. మొహం కందిపోతున్నా వదల్లేదు. నమ్మలేదన్నమాట, అనుకుంది పెద్దకోడలు. తనకూ గుండెలు పగిలిపోతున్నాయి. అయినా గొంతు ఆపకుండా, పక్కకు చూడకుండా, తోడికోడలి చెయ్యి పట్టుకుంది.

చిన్నకోడలు అప్పుడు తీసుకుంది ఊపిరి, నిండుగా. పెద్దకోడలు కళ్ళు బైర్లు కమ్ముతున్నా నిలబెట్టింది. చిన్నది మళ్ళీ పాట అందుకుని, పట్టుకున్న చేతిని గట్టిగా నొక్కింది. అప్పుడు గానీ పెద్దది ఊపిరి తీసుకోలేదు. పాట ఎక్కడా తెగలేదు.

జనం చప్పట్లు కొడుతున్నారు. పట్టుకున్న చెయ్యి ఇద్దరూ వదల్లేదు.

"ఆ రోజు నేనూ పడుకున్నాను కదక్కా," అంది చిన్నకోడలు. "నా మీద నాకున్న కోపమంతా నీ మీద పోశాను."

పెద్దకోడలు ఏదో అనబోయింది. ఇంకా ఊపిరి అందలేదు. చిన్నకోడలు ఆవిడ వీపు రాస్తూ, తొందరేం లేదక్కా, మెల్లగా చెప్పు అంది.